మీ విండోస్ డిస్క్ ఎప్పటిది?

'కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లు' అని ఒకసారి పేరు పడితే చాలు, చుట్టుపక్కల మెషీన్లన్నీ మీ దగ్గరికే వస్తాయి. బాబాయి ల్యాప్‌టాప్ నెమ్మదించింది. పక్కింటి డిగ్రీ అమ్మాయి సిస్టమ్‌కి వైరస్ పట్టింది. మీరు పాఠం చెప్పే స్కూల్లో ల్యాబ్ మొత్తం ఫార్మాట్ చేయాలి. మీరు సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి విండోస్ వేస్తారు. అరగంటలో డెస్క్‌టాప్ వచ్చేస్తుంది.

పని అయిపోయిందా? లేదు కదా! అప్పుడు మొదలవుతుంది అప్‌డేట్ల వాన. డౌన్‌లోడ్, రీస్టార్ట్, మళ్లీ డౌన్‌లోడ్, మళ్లీ రీస్టార్ట్. ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ఈ పని చేస్తున్నారా? రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల డేటా ప్యాక్ మధ్యాహ్నానికే ఖాళీ. పది మెషీన్లుంటే అదే ఫైలు పదిసార్లు దిగాలి. మీ ఆదివారం అక్కడే కరిగిపోతుంది.

ఈ తిప్పలకు కారణం మీ చేతకానితనం కాదు, మీ పెన్‌డ్రైవ్ పాతబడటం. అందులో ఉన్న విండోస్ అది తయారైన రోజు దగ్గరే ఆగిపోయింది. దోసెలు పోసే ముందే పిండి రుబ్బి పెట్టుకున్నట్టు, అప్‌డేట్లనూ డ్రైవర్లనూ ఇన్‌స్టాలేషన్ డిస్క్‌లో ముందే కలిపి పెట్టుకోవచ్చు. ఈ అధ్యాయం దాని గురించే.

సమయం మిగలడమే లాభమా?

అంతకంటే పెద్ద లాభం భద్రత. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్ వచ్చింది. దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ జులైలోనే ఇచ్చింది. కానీ పాత సీడీతో విండోస్ ఎక్స్‌పీ వేసి, ప్యాచ్ కోసం నెట్ కలిపితే, ఆ ప్యాచ్ దిగేలోపే వర్మ్ దూరేది. నిమిషంలో సిస్టమ్ ఆగిపోతుందన్న పెట్టె తెర మీద కనిపించేది. ఆ రోజుల్లో ఎంతోమంది టెక్నీషియన్లు ప్యాచ్‌లను సీడీలోనే కలపడం నేర్చుకున్నారు. 'స్లిప్‌స్ట్రీమింగ్' అనే మాట వాళ్ల నోట బాగా నలిగింది. ఆ పనిని మౌస్ క్లిక్కులకు దించిన సాధనం ఎన్‌లైట్.

2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడూ ఇదే కథ. మార్చిలోనే ప్యాచ్ విడుదలైంది. వేసుకోని మెషీన్లకు ప్రపంచమంతా తాళం పడిపోయింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ప్యాచ్ రావడానికీ, అది మెషీన్‌లోకి ఎక్కడానికీ మధ్య ఎన్ని రోజులుంటే అంత ప్రమాదం. కొత్తగా విండోస్ వేసిన మెషీన్‌లో ఆ ఎడం సున్నా కావాలంటే ప్యాచ్ డిస్క్‌లోనే ఉండాలి.

ముందు ఒక్క ప్రశ్న: ఇది మీకు అవసరమా?

ఏడాదికి ఒక మెషీన్‌కి మాత్రమే విండోస్ వేస్తారా? అయితే ఇంత శ్రమ వద్దు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ పెట్టి, ఆ రోజే కొత్తగా తయారుచేసుకోండి. మైక్రోసాఫ్ట్ ఆ ఫైళ్లను అప్పుడప్పుడూ తాజా చేస్తూనే ఉంటుంది. మీకు అది చాలు.

స్కూల్ ల్యాబ్, చిన్న ఆఫీసు, నెట్ సెంటర్, అసెంబ్లింగ్ షాపు, నెట్ సరిగా అందని ఊరు, ఇన్‌స్టాలర్‌కు హార్డ్‌డిస్కే కనిపించని ల్యాప్‌టాప్ మోడల్... వీటిలో ఏదైనా మీది అయితే చదవండి.

విండోస్ 10 వాడుతున్నవారికి ఒక మాట. దానికి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త డిస్క్ చేయడానికి పూనుకుంటున్నారు కాబట్టి, మెషీన్ సరిపోతే విండోస్ 11కే చేయండి. దానికి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం ఉండాలి. ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే జాబితాలో ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి. సరిపోని పాత మెషీన్‌ను బలవంతంగా ఒప్పించే దారులు ఉన్నాయి గానీ, పిల్లలు పాఠాలు నేర్చుకునే ల్యాబ్‌లో వాటిని నేను సమర్థించను. అలాంటి మెషీన్లకు లైనక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేయండి. హాయిగా నడుస్తాయి.

ఏ సాధనం?

నేను సూచించేది ఎన్‌టీలైట్. పైన చెప్పిన ఎన్‌లైట్‌ను రాసినవారి చేతిలోనే పుట్టింది. విండోస్‌లో ఉండే డిస్మ్ అనే సాధనంతోనూ ఇదే పని అవుతుంది. కానీ అక్కడ ప్రతి ఆదేశం టైపు చేయాలి, ఒక్క అక్షరం తప్పినా పని ఆగిపోతుంది. మొదటిసారి చేసేవారికి బటన్లు కనిపించే కిటికీ ఉంటే ధైర్యంగా ఉంటుంది. ఎన్‌టీలైట్ ఉచిత వెర్షన్ సొంత వాడకానికే. డబ్బు తీసుకుని మెషీన్లు బాగుచేసే షాపువారు లైసెన్స్ కొనుక్కోవాలి. మీ కష్టానికి మీరు కూలి తీసుకుంటున్నప్పుడు, సాధనం చేసినవారి కూలి ఎగ్గొట్టకూడదు.

ఇక పనిలోకి దిగుదాం

1. అసలు ఐఎస్‌ఓని, అంటే ఇన్‌స్టాలేషన్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉన్నదాన్ని, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించండి. ఇందులో రాజీ లేదు. విండోస్ 11 డౌన్‌లోడ్ పేజీలోనే ఆ ఫైలు హ్యాష్ విలువ కూడా ఇస్తారు. పవర్‌షెల్‌లో మీ ఫైలు హ్యాష్ తీసి రెండూ పోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా ఆ ఫైలు చెరిపేసి మళ్లీ దించండి. దించేటప్పుడు నెట్ తెగి ఫైలు పాడవడం మన దగ్గర మామూలే. ఆ పాడైన ఫైలుతో రెండు గంటలు పనిచేశాక తెలుసుకోవడం కంటే ఇప్పుడు రెండు నిమిషాలు పెట్టడం మేలు.

2. చోటు చూసుకోండి. ఎస్‌ఎస్‌డీలో కనీసం 30, 40 జీబీ ఖాళీ ఉంచండి. డీ డ్రైవ్‌లో పొట్టి పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, ఐఎస్‌ఓలో ఉన్నవన్నీ అందులోకి కాపీ చేయండి. ఐఎస్‌ఓని తెరిచి అందులోనే మార్పులు చేద్దామంటే కుదరదు, అది చదవడానికే గానీ రాయడానికి కాదు. ఫోల్డర్ పేర్లు పొడవైతే లోపలి ఫైళ్ల దారి మరీ పొడవై, మధ్యలో ఎర్రర్లు వస్తాయి.

3. ఎన్‌టీలైట్ తెరిచి 'యాడ్' నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. సోర్సెస్ ఫోల్డర్‌లో ఉన్న ఇన్‌స్టాల్ ఫైలు విమ్ రకమైతే నేరుగా ముందుకెళ్లొచ్చు. మీడియా క్రియేషన్ టూల్‌తో చేసినదైతే అది ఈఎస్‌డీ రకం. ముందు విమ్‌గా మార్చుకోవాలి. ఎన్‌టీలైట్ అడుగుతుంది, సరే అనండి.

అక్కడ హోమ్, ప్రో, ఎడ్యుకేషన్ అంటూ చాలా ఎడిషన్లు కనిపిస్తాయి. ప్రతి ఎడిషన్‌కీ అప్‌డేట్ విడిగా కలపాలి కాబట్టి అక్కరలేనివి తీసేస్తే పని తొందరగా తెములుతుంది. కానీ ఇక్కడొక చిక్కు ఉంది. మన దేశంలో అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి వచ్చేది 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్' ఎడిషన్. దాని కీ మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. మీరు ఆ ఎడిషన్ తీసేసి ప్రో మాత్రమే ఉంచారనుకోండి, విండోస్ ఎక్కినా యాక్టివేట్ కాదు. 'కొన్నప్పుడు ఒరిజినలే వచ్చింది కదయ్యా, నువ్వు ముట్టుకున్నాకే ఇలా అయింది' అని బాబాయి అంటే జవాబు ఏం చెబుతారు? ఫార్మాట్‌కు ముందే సెట్టింగ్స్‌లో ఏ ఎడిషన్ ఉందో చూసి కాగితం మీద రాసుకోండి.

4. అప్‌డేట్లు. విండోస్ భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. మన గడియారం ప్రకారం ఆ రాత్రి పదిన్నర, పదకొండున్నర ప్రాంతంలో. ఇప్పుడివన్నీ 'క్యుములేటివ్' పద్ధతిలో ఉంటాయి, అంటే ఈ నెలదాంట్లో పాత నెలలవి కూడా ఉంటాయి. పాతవన్నీ వరుసగా పోగుచేయనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ సైట్‌లో మీ వెర్షన్‌కు సరిపోయే తాజా క్యుములేటివ్ అప్‌డేట్ వెతకండి, డాట్‌నెట్ అప్‌డేట్ విడిగా ఉంటే దాన్నీ దించండి.

విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ చేస్తున్నారా? 2024 సెప్టెంబరు నుంచి అందులో 'చెక్‌పాయింట్' పద్ధతి వచ్చింది. కేటలాగ్‌లో డౌన్‌లోడ్ నొక్కితే ఒక్కోసారి రెండు ఫైళ్లు కనిపిస్తాయి. ఒకటి ఈ నెలది, ఇంకొకటి కేబీ 5043080 అనే చెక్‌పాయింట్. రెండూ దించి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. రెండోది పాతది కదా అని వదిలేస్తే మొదటిది ఎక్కకుండా మొరాయించవచ్చు.

భాషా ప్యాక్‌లు, అదనపు విండోస్ ఫీచర్లు కలపాలనుకుంటే అవి ముందు, క్యుములేటివ్ అప్‌డేట్ చివర. ఈ వరుస తారుమారైతే ఆ కొత్త భాగాలకు అప్‌డేట్ అందదు, దాన్ని మళ్లీ కలపాలి.

5. డ్రైవర్లు. పదకొండో తరం ఇంటెల్ నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ వేసేటప్పుడు 'విండోస్ ఎక్కడ వేయాలి' అనే తెరలో జాబితా ఖాళీగా కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌డీ పోయిందని కొత్తది కొనిపించిన షాపులు కూడా ఉన్నాయి. అది పోవడం కాదు. ఇంటెల్ వీఎండీ అనే ఏర్పాటు వెనక ఎస్‌ఎస్‌డీ దాగి ఉంది, దాన్ని చూడటానికి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ కావాలి. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఆ డ్రైవర్ దించండి. సెటప్ ఫైలుగా దొరికితే దాన్ని విప్పి, లోపలి ఐఎన్‌ఎఫ్ ఫైళ్లున్న ఫోల్డర్‌ను కలపాలి. సెటప్ ఫైలును అలాగే ఇస్తే ఉపయోగం లేదు.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. డిస్క్‌లో రెండు విండోస్‌లు ఉంటాయి. ఒకటి మెషీన్‌లోకి ఎక్కేది, రెండోది దాన్ని ఎక్కించే బూట్ ఇమేజ్. డ్రైవ్‌ల జాబితా చూపేది ఆ బూట్ ఇమేజే. కాబట్టి నిల్వ డ్రైవర్లు, ముఖ్యంగా ఆర్‌ఎస్‌టీ, రెండింటిలోనూ కలవాలి. మొదటిదాంట్లోనే కలిపి 'అన్నీ చేశాను, అయినా డిస్క్ కనిపించట్లేదు' అని తల పట్టుకునేవారు ఎక్కువ.

వైఫై డ్రైవర్ కూడా కలిపితే మంచిది. విండోస్ 11 సెటప్ నెట్ అడిగే దగ్గర ఆగిపోయి మీరు ఇరుక్కోరు. ల్యాబ్‌లో అన్నీ ఒకే మోడల్ అయితే, బాగా పనిచేస్తున్న ఒక మెషీన్‌లోంచి డ్రైవర్లన్నీ బయటికి తీసుకునే వీలు విండోస్‌లోనే ఉంది.

6. 'అప్లై' పేజీలో ఐఎస్‌ఓ తయారుచేయమనే గడిలో టిక్ పెట్టి 'ప్రాసెస్' నొక్కండి. మెషీన్‌ని బట్టి అరగంట నుంచి గంటన్నర దాకా పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోతే ఫోల్డర్ మొత్తం పనికిరాకుండా పోయే అవకాశం ఉంది. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద, ల్యాప్‌టాప్ అయితే పూర్తి ఛార్జింగ్‌తో చేయండి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఈ పని పెట్టుకోవద్దు.

7. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఇప్పటి విండోస్ 11 ఐఎస్‌ఓ 5 జీబీ దాటింది కాబట్టి 4.7 జీబీ డీవీడీలో పట్టదు. పెన్‌డ్రైవ్‌కు రూఫస్ చాలా మంచి ఉచిత సాధనం. అప్‌డేట్లు కలిశాక ఇన్‌స్టాల్ ఫైలు 4 జీబీ దాటుతుంది, ఫ్యాట్32 ఫార్మాట్‌లో అంత పెద్ద ఫైలు పట్టదు. చేత్తో కాపీ చేసేవారికి ఇక్కడే ఎర్రర్ వస్తుంది. రూఫస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టి కూడా యూఈఎఫ్ఐలో బూట్ అయ్యేలా చూసుకుంటుంది. విండోస్ 11కి పార్టిషన్ స్కీమ్ జీపీటీ ఎంచుకోండి.

పరీక్షించకుండా ఎవరి మెషీన్ మీదా పెట్టొద్దు

ఎందుకంత గట్టిగా చెబుతున్నాను? తాజాగా ఉండటంతోనే డిస్క్ మంచిదైపోదు. 2024 చివర్లో జరిగింది చూడండి. ఆ అక్టోబరు, నవంబరు భద్రతా అప్‌డేట్లు కలిపిన మీడియాతో 24హెచ్2 వేసిన మెషీన్లు, ఆ తర్వాతి భద్రతా అప్‌డేట్లను తీసుకోలేని స్థితిలో పడిపోవచ్చని మైక్రోసాఫ్టే హెచ్చరించింది. డిసెంబరు అప్‌డేట్ కలిపి మీడియా మళ్లీ చేసుకోమంది. అంటే అక్టోబరులో ఎంతో శ్రద్ధగా డిస్క్ చేసినవారికే ఇబ్బంది. అందుకే నా సలహా ఇది: అప్‌డేట్ వచ్చిన రాత్రే డిస్క్ చేయకండి, ఒక వారం ఆగండి. మైక్రోసాఫ్ట్ ప్రతి వెర్షన్‌కూ 'తెలిసిన సమస్యల' పేజీ నడుపుతుంది, ముందు అది చదవండి.

తర్వాత వర్చువల్‌బాక్స్‌లో ఈఎఫ్ఐ పద్ధతిలో ఒక ఖాళీ మెషీన్ సృష్టించి, టీపీఎం 2.0 కూడా పెట్టి, మీ ఐఎస్‌ఓతో విండోస్ వేయండి. డెస్క్‌టాప్ వచ్చాక రన్‌లో విన్‌వర్ అని కొట్టి బిల్డ్ నంబర్ చూడండి. చుక్క తర్వాతి అంకె, మీరు కలిపిన అప్‌డేట్ పేజీలో ఉన్న అంకెతో సరిపోవాలి. అప్పుడు విండోస్ అప్‌డేట్ తెరవండి. మీరు కలిపిన అదే అప్‌డేట్‌ను మళ్లీ అడుగుతోందా? అయితే కలపడంలో ఎక్కడో తేడా వచ్చింది. అడగకపోతే నిశ్చింతగా అసలు మెషీన్‌కి వెళ్లండి. వీఎండీ డ్రైవర్ సంగతి మాత్రం వర్చువల్ మెషీన్‌లో తేలదు, అది ఆ ల్యాప్‌టాప్ మీదే చూడాలి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు

ఎన్‌టీలైట్‌లో 'కాంపోనెంట్స్' అనే పేజీ ఉంది. విండోస్‌లోని భాగాలను అక్కడ ఊడబెరకవచ్చు. మొదటిసారి తెరిచినవారికి చేతులు ఊరుకోవు. ఇది నాకెందుకు, అది నాకెందుకు అంటూ టిక్కులు తీసేస్తారు. ఆ రోజు బాగానే ఉంటుంది. ఎప్పుడో ల్యాబ్‌లో ప్రింటర్ పట్టదు, లేదా వచ్చే నెల అప్‌డేట్ సగంలో ఆగి వెనక్కి వెళ్లిపోతుంది. ఏ టిక్కు వల్ల ఇలా అయిందో మీకు గుర్తుండదు, ఇంకెవరూ చెప్పలేరు. ఈ సాధనం విలువ కలపడంలో ఉంది, తీసేయడంలో కాదు. ఆ పేజీ ముట్టుకోకండి.

అసలు ఈ శ్రమంతా ఎందుకు, టెలిగ్రామ్‌లో, యూట్యూబ్ లింకుల్లో 'సూపర్ లైట్' విండోస్‌లు తయారుగా దొరుకుతున్నాయి కదా అంటారా? ఒక్క క్షణం ఆలోచించండి. ఇప్పుడు మీరు నేర్చుకున్న పనే వాళ్లూ చేశారు. మీరు అప్‌డేట్లు కలిపినట్టే వాళ్లు ఏం కలిపారో మీకు తెలుసా? విండోస్ డిఫెండర్ తీసేసిన 'లైట్' వెర్షన్లు ఎన్నో తిరుగుతున్నాయి. మీ అత్తయ్య ఆ ల్యాప్‌టాప్‌లోనే బ్యాంకు ఖాతా తెరుస్తుంది, ఓటీపీ కొడుతుంది. ముఖం తెలియని మనిషి చేసిన విండోస్‌ను ఆమె చేతికి ఇవ్వడం తప్పు. ఉచితంగా చేసి పెట్టినా తప్పే.

ఫార్మాట్ బటన్ నొక్కే ముందు

ఎదురుగా ఉన్న ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. 24హెచ్2ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా మెషీన్లలో అది దానంతటదే ఆన్ అవుతుంది. రికవరీ కీ ఆ ఖాతాలో ఉంటుంది. బయాస్‌లో ఏ మార్పు చేయాలన్నా ముందు ఆ కీ మెషీన్ యజమాని దగ్గర ఉందని నిర్ధారించుకోండి. ఫోటోలు, పత్రాలు వేరే డిస్క్‌లోకి ఎక్కాయా లేదా అన్నది మీ కళ్లతో మీరే తెరిచి చూడండి. 'అన్నీ కాపీ చేశాంలే' అన్న మాట నమ్మి ఫార్మాట్ కొడితే, పెళ్లి ఫోటోలు పోయాక ఎవరూ తిరిగి తేలేరు.

పాత పెన్‌డ్రైవ్‌లను దాచుకునే అలవాటుందా? 2023లో బ్లాక్‌లోటస్ అనే బూట్‌కిట్ బయటపడ్డాక, లోపమున్న పాత బూట్ మేనేజర్లను నిరాకరించే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ దశలవారీగా తెస్తోంది. అది అమలైన మెషీన్‌లో పాత మీడియా సెక్యూర్ బూట్‌తో బూట్ కాదు. అత్యవసరంలో చేయిచ్చే పెన్‌డ్రైవ్ ఉన్నా లేనట్టే. కాబట్టి ప్రతి పెన్‌డ్రైవ్‌కూ చిన్న కాగితం అతికించి విండోస్ వెర్షన్, బిల్డ్ నంబర్, చేసిన నెల రాయండి. మూడు నెలలు దాటినదాన్ని చెరిపేసి మళ్లీ చేయండి. కలిపిన డ్రైవర్లను ఒక ఫోల్డర్‌లో భద్రంగా ఉంచుకుంటే, రెండోసారి మీకు మిగిలే పని ఒక అప్‌డేట్ ఫైలు మార్చడమే.

మీ పక్కన ఈ పని నేర్చుకోవాలనే పిల్లలెవరైనా ఉంటే, వచ్చే డిస్క్ వాళ్ల చేత చేయించండి. మీరు పక్కన కూర్చుని, హ్యాష్ పోల్చే దగ్గరా, ఎడిషన్ ఎంచుకునే దగ్గరా మాత్రం తొందరపడనివ్వకండి.